మెదడువాపు తెలిసినవాళ్ళకి ఎన్సెఫలైటిస్ పరాయి మాట కాదు

నువ్వు అడిగింది ఇదీ: ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి బీఎస్సీ నర్సింగ్‌లో చేరావు. నాడీమండలం పాఠం మొదలవగానే మేడమ్ 150 మాటల జాబితా ఇచ్చారు. నాలుగు రోజులు కూర్చుని బట్టీ పట్టావు. వారం తిరిగేసరికి సగం ఎగిరిపోయాయి, మిగిలిన సగం ఒకదాంతో ఒకటి కలగాపులగం అయిపోయాయి. పెరాలిసిస్, పెరీసిస్, పెరస్థీషియా మూడూ ఒకేలా వినిపిస్తున్నాయి. "ఇంగ్లీష్ మీడియం పిల్లలకి ఇవన్నీ ముందే వచ్చేమో, నేను వాళ్ళను అందుకోగలనా" అన్నావు.

వాళ్ళకీ రావు చెల్లీ. ఇవి ఇంగ్లీషు మాటలు కావు. గ్రీకు, లాటిన్ ముక్కలతో అతికిన మాటలు. మైలైటిస్ అన్న మాట నీకెంత కొత్తో ఇంగ్లీష్ మీడియం పిల్లకీ అంతే కొత్త. పైగా వాళ్ళు పట్టించుకోని ఒక సాయం నీ దగ్గర ఉంది. అదేమిటో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నేనూ తెలుగు మీడియం నుంచే వచ్చాను. ఈ పనిలో 26 ఏళ్ళయింది. అందులో సగానికి పైగా న్యూరో వార్డులో, న్యూరో ఐసీయూలో గడిచింది. ఇప్పుడు నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను.

వానలు మొదలైతే పేపర్లో "మెదడువాపు" వార్తలు వస్తాయి కదా. ఆ మాటకి అర్థం ఎవరూ అడగరు. మెదడు, వాపు, అంతే. ఇప్పుడు ఎన్సెఫలైటిస్ చూడు. ఎన్సెఫల్ అంటే మెదడు, ఐటిస్ అంటే వాపు. ముందు మెదడు, తర్వాత వాపు. వరస కూడా మారలేదు. ఎన్సెఫల్‌ని ఇంకా విప్పితే "ఎన్" అంటే లోపల, "కెఫలే" అంటే తల. తల లోపల ఉండేది కాబట్టి మెదడు.

ఈ వరస సంగతి చాలా ముఖ్యం, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతున్నాను. మెడికల్ టెర్మినాలజీ పుస్తకాలు దాదాపు అన్నీ ఒక సూత్రం చెబుతాయి: మాటను చివరి నుంచి వెనక్కి చదువు అని. అది ఇంగ్లీషువాళ్ళ అవసరం. వాళ్ళు "ఇన్‌ఫ్లమేషన్ ఆఫ్ ద బ్రెయిన్" అనాలి, అంటే చివరి ముక్కను ముందుకి లాక్కురావాలి. మనం ఆ సూత్రాన్ని అలాగే పట్టుకుని, గ్రీకు మాటను ముందు ఇంగ్లీషులోకి తిప్పి, అక్కణ్ణుంచి మళ్ళీ తెలుగులోకి తిప్పుకుంటాం. ఒక్క మాటకి రెండు తిప్పుళ్ళు! గ్రీకు సమాసం మన సమాసంలాగే అసలు మాటను చివర పెడుతుంది. కాబట్టి ఎడమ నుంచి కుడికి, ముక్క కింద ముక్క, తెలుగు రాసుకుంటూ పో. చాలావాటికి అర్థం దానంతట అదే పడుతుంది.

పోలియోమైలైటిస్ తీసుకో. పోలియో, మైల్, ఐటిస్. బూడిదరంగు, వెన్నుపాము, వాపు. వెన్నుపామును అడ్డంగా కోసిన బొమ్మ నీ పుస్తకంలో ఉంటుంది, మధ్యలో సీతాకోకచిలుక రెక్కల్లా బూడిదరంగు పదార్థం కనిపిస్తుంది. పోలియో వైరస్ దెబ్బకొట్టేది అందులోని ముందు కొమ్ములనే. కండరాలను కదిలించే కణాలు ఉండేది అక్కడే. అందుకే ఆ పిల్లల కాళ్ళు చచ్చుబడేవి కానీ స్పర్శ పోయేది కాదు. జబ్బు ఏ అవయవంలో, అందులోనూ ఏ రంగు పదార్థంలో ఉందో ఆ పేరే చెబుతోంది చూడు. మన దేశంలో సహజంగా తిరిగే పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో, బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. మీ తరం ఆ జబ్బును దాదాపు చూడదు. కానీ ఆ పేరును విప్పడం వస్తే మైలైటిస్, మైలోపతి, మైలోగ్రామ్ మూడూ ఉచితంగా వచ్చినట్టే.

ముక్కల మధ్య వచ్చే "ఓ" గురించి పిల్లలు ఊరికే కంగారు పడతారు. న్యూర్ అంటే నాడి. న్యూరాలజీలో ఓ లాంటి అచ్చు ఉంది, న్యూరైటిస్‌లో లేదు, ఎందుకని. ఉత్వసంధి చదువుకున్నావు కదా. రాముడు + అతడు, రాముడతడు. వెనక అచ్చు వస్తే ముందున్న ఉకారం తప్పుకుంటుంది. ఇక్కడా అదే పద్ధతి. న్యూరో + ఐటిస్ అనేసరికి వెనక అచ్చు వచ్చింది, ఓ తప్పుకుంది. న్యూరో + పతిలో (పతి అంటే జబ్బు) వెనక హల్లు ఉంది, ఓ నిలిచింది. "న్యూరోఐటిస్" అని రాసిన పేపర్లు ఏటా దిద్దుతూనే ఉన్నాను. ఒక్క మినహాయింపు గుర్తుపెట్టుకో: రెండు అవయవాల పేర్లు కలిసేచోట, వెనక అచ్చు వచ్చినా ఓ సాధారణంగా పోదు. న్యూరోఎండోక్రైన్ (నాడులు, హార్మోన్ గ్రంథులు) అలాంటిదే.

ఇక నీ దగ్గర ఉందన్న సాయం. తెలుగు ద్రావిడ భాషే అయినా మన చదువుల మాటలన్నీ సంస్కృతంతో నిండి ఉంటాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు, తర్వాత భాషా శాస్త్రం దాన్ని నిలబెట్టింది. అంటే ఈ ముక్కల్లో చాలావాటి చుట్టాలు ఇప్పటికే నీ నోట్లో ఉన్నారు.

మొదట "లేదు" అనే ముక్క. శాంతి లేకపోతే అశాంతి, ఆరోగ్యం లేకపోతే అనారోగ్యం. హల్లు ముందు "అ", అచ్చు ముందు "అన్". గ్రీకులో కూడా అచ్చం ఇదే నియమం. అఫేజియా (భాష పోవడం), అటాక్సియా (కదలికల్లో పొందిక పోవడం), అప్రాక్సియా (తెలిసిన పని చెయ్యలేకపోవడం), వీటిలో "అ". అనస్థీషియాలో "అన్", ఎందుకంటే వెనక ఉన్నది ఎస్థీషియా, అంటే స్పర్శ, అనుభూతి. దీనికి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

హైపర్, హైపో ఎప్పుడూ తారుమారవుతాయి. హైపర్‌కి సంస్కృతం చుట్టం "ఉపరి", హైపోకి చుట్టం "ఉప". తుపాను రోజుల్లో టీవీలో "ఉపరితల ఆవర్తనం" అంటారే, ఆ ఉపరి. పైన, ఎక్కువ. ముఖ్యమంత్రి కింద ఉండేవాడు ఉపముఖ్యమంత్రి. కింద, తక్కువ. రిఫ్లెక్స్ సుత్తితో మోకాలి కింద కొడితే కాలు మరీ జోరుగా ఎగిరిపడిందా, హైపర్‌రిఫ్లెక్సియా. లేచీ లేవనట్టు కదిలిందా, హైపోరిఫ్లెక్సియా. అసలే లేవలేదా, మళ్ళీ మన "అ", అరిఫ్లెక్సియా. ఆ వార్తలో ఇంకో చుట్టం కూడా ఉంది. ఆవర్తనంలో ఉన్న "వృత్" అంటే తిరగడం. లాటిన్‌లో వెర్టిగో, వెర్టిబ్రా ఆ కుటుంబానివే. ఒకటి గిర్రున తిరిగే తల, ఒకటి నడుము తిరగడానికి వీలిచ్చే ఎముక.

"డిస్" మన "దుస్, దుర్". దుర్గతి, దుష్ఫలితం. సరిగ్గా లేకపోవడం, కష్టంగా ఉండడం. "పెరి" మన "పరి", చుట్టూ. పరిసరాలు, పరిధి. నాడిలోని ఒక్కో తంతువుల కట్ట చుట్టూ ఉండే పొర పెరిన్యూరియమ్. "హైడ్రో" మన ఉదకం. తలలో నీరు చేరితే హైడ్రోకెఫలస్. వెన్ను రెండుగా చీలి పుట్టిన బిడ్డకి రాసే స్పైనా బైఫిడాలో "బై" మన ద్వి, "ఫిడా" మన భిన్నం.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది "గ్నోసిస్". అది మన "జ్ఞా" ధాతువే. ప్రోగ్నోసిస్ విడదీస్తే ప్ర, జ్ఞ. అగ్నోసియా అంటే అ, జ్ఞ. 1891లో ఈ అగ్నోసియా అన్న మాటను వైద్యంలోకి తెచ్చింది సిగ్మండ్ ఫ్రాయిడ్, అప్పట్లో ఆయన నాడీ వైద్యుడు. ఈ మాట నాకు పుస్తకంలో అర్థం కాలేదు, మంచం దగ్గర అర్థమైంది. స్ట్రోక్ వచ్చిన ఒక పెద్దావిడని డాక్టరుగారు కళ్ళు మూసుకోమని, ఎడమ అరచేతిలో తాళంచెవి పెట్టారు. ఆవిడ దాన్ని వేళ్ళతో తడిమింది. "చల్లగా ఉంది బాబూ. ఇనుప ముక్క. గట్టిగా ఉంది" అంది. ఏమిటమ్మా అది అంటే తెలియదంది. అదే తాళంచెవి కుడిచేతిలోకి మార్చగానే, కళ్ళు తెరవకుండానే, "తాళంచెవి" అనేసింది. స్పర్శ ఉంది, జ్ఞానం లేదు. ఆ రోజు కేస్ షీట్‌లో రాసిన మాట అస్టీరియోగ్నోసిస్. అ, స్టీరియో, గ్నోసిస్. లేదు, ఘనరూపం, జ్ఞానం. ఆవిడ వేళ్ళు ఆ తాళంచెవి పళ్ళ మీద తిరగడం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. ఆ మాట మర్చిపోమన్నా మర్చిపోలేను.

మయస్తీనియా గ్రేవిస్ కూడా ఇలాగే విడదీయి. మయ్ అంటే కండ, అ అంటే లేదు, స్తీనియా అంటే బలం. గ్రేవిస్ అంటే బరువైన, తీవ్రమైన, మన "గురు" శబ్దానికి చుట్టం. గ్రావిటీని మనం గురుత్వాకర్షణ అంటున్నది అందుకే చక్కగా కుదిరింది. ఆ పేషెంట్‌కి పొద్దున బాగానే ఉన్న కనురెప్పలు సాయంత్రానికి వాలిపోతాయి. దాన్ని టోసిస్ అంటాం. స్పెల్లింగ్‌లో ముందు ఒక పలకని పీ ఉంటుంది, పరీక్షలో వదిలేయకు. టోసిస్ అంటే పడిపోవడం, మన "పతనం" దాని తోబుట్టువు. పీ, టీ రెండూ పతనంలో ఉన్నాయి కాబట్టి స్పెల్లింగ్ కూడా గుర్తుంటుంది.

సంస్కృతం చుట్టరికం లేనిచోట మన తెలుగు పాఠ్యపుస్తకం ఆదుకుంటుంది. నీ ఇంటర్ జువాలజీ పుస్తకం పారెయ్యలేదు కదా? మెదడు చుట్టూ ఉండే మూడు పొరలకు అందులో వరాశిక, లౌతికళ, మృద్వి అని చదివావు. అప్పుడు నోరు తిరగని మాటల్లా అనిపించి ఉంటాయి. విప్పి చూడు. వరాశి అంటే ముతక గుడ్డ. లూత అంటే సాలెపురుగు, శ్రీకాళహస్తి పేరులో "శ్రీ"గా ఉన్నది ఆ సాలెపురుగే. మృదువైనది మృద్వి. ఇప్పుడు అవతల పేర్లు చూడు. డ్యూరా అంటే గట్టిది. అరక్నాయిడ్ అంటే సాలెగూడు లాంటిది. పియా అంటే ఆప్యాయమైన, మెత్తని. డ్యూరా మేటర్, పియా మేటర్‌లలో ఉన్న "మేటర్" మాత అన్నమాటే. అరబ్బు వైద్యులు ఈ పొరలను మెదడుకి తల్లులు అన్నారు. వాళ్ళ గ్రంథాలను 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్ళు ఆ తల్లిని అలాగే ఉంచేశారు. ఈ మూడు పొరలు బొమ్మగా మనసులో ఉంటే రక్తస్రావాల పేర్లు విడిగా చదవక్కర్లేదు. హెల్మెట్ లేకుండా బండి మీంచి పడ్డ కుర్రాళ్ళ సీటీ రిపోర్టుల్లో రోజూ కనిపించే ఎక్స్‌ట్రాడ్యూరల్ అంటే ఆ ముతక గుడ్డకి బయట, సబ్‌డ్యూరల్ అంటే దాని కింద, సబ్‌అరక్నాయిడ్ అంటే సాలెగూటి కింద. రక్తం ఎక్కడ చేరిందో పేరే చూపిస్తోంది.

కపాల నాడులు కూడా అంతే. అధోజిహ్విక అన్నది హైపోగ్లోసల్‌కి ముక్కకు ముక్క తెలుగు: కింద, నాలుక. జిహ్వాగ్రసని అంటే గ్లోసోఫెరింజియల్: నాలుక, గొంతు. వేగస్ అంటే సంచారి. తలలో బయల్దేరి గుండె, ఊపిరితిత్తులు, పేగుల దాకా తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. మెదడు కింద ఉండే చిన్న మెదడు అనుమస్తిష్కం. సెరెబెల్లం అన్నా "చిన్న సెరెబ్రమ్" అనే.

ఒకే అవయవానికి రెండేసి పేర్లు ఎందుకున్నాయని నువ్వు అడగలేదు కానీ, ఆ అనుమానం వచ్చే తీరుతుంది. మెదడుకి సెరెబ్ర్, ఎన్సెఫల్. వెన్నుకి స్పైన్, మైల్. నాడికి నెర్వ్, న్యూర్. మనం నీళ్ళు అంటాం, జలం అంటాం, ఉదకం అంటాం. తాగేది మంచినీళ్ళే, కట్టేది జలాశయమే. వాళ్ళకీ అలాంటి అలవాటే. శరీర భాగాల పేర్లు ఎక్కువగా లాటిన్, జబ్బుల పేర్లు, ఆపరేషన్ల పేర్లు ఎక్కువగా గ్రీకు. నెర్వ్ లాటిన్, న్యూరైటిస్ గ్రీకు. అన్నిచోట్లా కాదు గానీ చాలాచోట్ల పనికొస్తుంది.

ఇక జాగ్రత్త పడాల్సిన చోట్లు.

మయో, మైలో. ఒక్క "ల" తేడా. మయో అంటే కండ. గ్రీకులో "మిస్" అంటే ఎలుక, కండ రెండూ, మన మూషికం దాని బంధువే. చర్మం కింద కండ కదలడం వాళ్ళకి ఎలుకలా కనిపించింది. మైలో అంటే మజ్జ. ఎముక లోపలి మజ్జనీ, వెన్నుపామునీ కూడా ఆ మాటతోనే పిలిచారు. వెన్నెముకల గొట్టంలో ఉన్న మజ్జ అనుకున్నారు మరి. అందుకే మైలైటిస్ వెన్నుపాము జబ్బు, మైలోమా ఎముక మజ్జ జబ్బు. ఇది గ్రీకువాళ్ళ గందరగోళమే కాదు, మన మజ్జాముఖంలో కూడా మజ్జ ఉంది చూడు. మాట విడదీశాక ఇది న్యూరో కేసా, రక్తం కేసా అని తప్పకుండా చూసుకోవాలి.

న్యూర్, నరం వినడానికి ఒకేలా ఉన్నాయని చాలామంది పిల్లలు సంబరపడతారు. గుర్తుకి వాడుకో, తప్పులేదు. కానీ చుట్టరికం లేదు. నరం ద్రావిడ మాట, తమిళంలో నరంబు. న్యూరాన్‌కి నిజమైన చుట్టం మన "స్నాయువు", కండను ఎముకకి కట్టే తాడు. గ్రీకులో న్యూరాన్ అంటే మొదట స్నాయువు, వింటి నారి. నాడీకణానికి ఆ పేరు పెట్టింది 1891లో జర్మనీ శాస్త్రవేత్త వాల్డెయర్. పాత అర్థం ఎపోన్యూరోసిస్‌లో ఇంకా బతికే ఉంది. అది నాడి జబ్బు కాదు, పొరలా పరుచుకున్న స్నాయుబంధనం. మనవాళ్ళు కూడా నాడినీ, స్నాయువునీ, రక్తనాళాన్నీ అన్నిటినీ నరమే అంటారు. "నరానికి సూది వేశారు" అంటే ఐవీ ఇంజెక్షన్ అని. పేషెంట్ "నరం పట్టేసింది" అన్నప్పుడు ఏ నరమో నువ్వు వేలు పెట్టి చూపించమనాలి.

ఇప్పుడు చెప్పేది మాత్రం మెల్లగా చదువు. డిస్‌ఫేజియా. ఈ ఉచ్చారణకి రెండు మాటలున్నాయి. స్పెల్లింగ్‌లో "జి" ఉన్నది మింగలేకపోవడం, "ఫాగ్" అంటే తినడం, మన భక్షణకి చుట్టం. స్పెల్లింగ్‌లో "ఎస్" ఉన్నది మాట్లాడలేకపోవడం. కాగితం మీద ఒక్క అక్షరం తేడా, మన వార్డుల్లో నోటితో చెప్పేటప్పుడు ఆ తేడా కూడా ఉండదు. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, నైట్ డ్యూటీకి వెళ్ళాను. కుడిపక్క పడిపోయిన ఒక రైతు, అరవై ఏళ్ళుంటాయి. డ్యూటీ అప్పగిస్తూ సిస్టర్ "డిస్‌ఫేజియా ఉంది" అంది. ఆయనకి మాట రావడం లేదని సాయంత్రమే చూశాను కాబట్టి, నేను మాట గురించి అనుకున్నాను. తొమ్మిదింటికి కొడుకు వచ్చి "నోరు ఎండిపోతోందమ్మా, రెండు చెంచాలు నీళ్ళు పట్టనా" అన్నాడు. పట్టమన్నాను. మొదటి చెంచాకి చిన్న దగ్గు. రెండో చెంచాకి దగ్గు కూడా రాలేదు, గొంతులో గరగర మొదలైంది. మానిటర్ మీద ఆక్సిజన్ 97 నుంచి 88కి జారింది. తల పక్కకి తిప్పి సక్షన్ పెట్టాం, డాక్టరుగారు పరుగెత్తుకొచ్చారు. ఆయన దక్కాడు కానీ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పది రోజులు ఎక్కువ మంచాన ఉన్నాడు. చెంచా పట్టింది కొడుకు, పట్టమన్నది నేను. ఆ కొడుకు మొహం నేను మర్చిపోలేదు.

అప్పటి నుంచి డ్యూటీ అప్పగించేటప్పుడు ఆ మాట ఒక్కటే చెప్పను. "డిస్‌ఫేజియా, మింగుడు పడదు, నోటితో ఏమీ ఇవ్వద్దు" అని తెలుగుతో కలిపి చెబుతాను. మాట గురించైతే అఫేజియా అనే అంటాను. చాలాచోట్ల స్పీచ్ థెరపిస్టులు కూడా ఈ గొడవ వల్లనే అఫేజియా అన్న మాటనే వాడతారు. నువ్వూ అలాగే అలవాటు చేసుకో. ఇంకొకటి ఉంది, డిసార్థ్రియా. అందులో "ఆర్థ్ర్" అంటే కీలు, కీళ్ళవాపు ఆర్థ్రైటిస్‌లో ఉన్నదే. భాష బాగానే ఉంటుంది, ఆయన చెప్పాలనుకున్నది సరిగ్గానే ఉంటుంది, పెదవి, నాలుక సరిగా మడత పడక మాట ముద్దగా వస్తుంది. అఫేజియాలో భాషే దెబ్బతింటుంది. పెన్నూ కాగితం ఇచ్చి చూస్తే తేడా చాలావరకు తెలిసిపోతుంది.

నువ్వు తికమకపడ్డ మూడింటికి వద్దాం. పెరాలిసిస్ అంటే పూర్తిగా పడిపోవడం. మాటల చివర చేరేటప్పుడు దాని బదులు ప్లీజియా వస్తుంది, ప్లీజియా అంటే దెబ్బ. పెరీసిస్ అంటే సడలిపోవడం, బలం తగ్గడం. కండరాల బలాన్ని 0 నుంచి 5 దాకా వేస్తాం కదా, 0 అయితే ప్లీజియా, 1 నుంచి 4 దాకా పెరీసిస్. హెమి అంటే సగం, ఒక పక్క, మన పక్షవాతంలో "పక్షం" అన్నా పక్కే. హెమిప్లీజియా అని రాయాల్సినచోట హెమిపెరీసిస్ అని రాస్తే, మర్నాడు చూసిన డాక్టరుకి రోగి రాత్రికి రాత్రి దిగజారినట్టు కనిపిస్తుంది. పెరస్థీషియా వీటి జాతి కాదు. అందులో ఉన్నది పారా, ఎస్థీషియా. తప్పుదారి పట్టిన స్పర్శ. తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండడం. పెరీసిస్ కదలికకి, పెరస్థీషియా స్పర్శకి. ఇక పారాప్లీజియా అంటే రెండు కాళ్ళు పడిపోవడం. ఇక్కడ పారాకి ఆ అర్థం ఎలా వచ్చిందని తల బద్దలు కొట్టుకోకు, ఇలాంటివి కొన్ని ఉన్నవి ఉన్నట్టు గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఆపరేషన్ మాటల్లో ఒకే ఒక జత చెబుతాను, మిగతావి నీకే వస్తాయి. టమీ అంటే కోయడం, ఎక్టమీ అంటే కోసి తీసెయ్యడం. క్రేనియాటమీలో పుర్రె ఎముక ముక్కను తీసి, పని అయ్యాక మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. క్రేనియెక్టమీలో ఆ ముక్క తిరిగి పెట్టరు, వాచిన మెదడుకి చోటు కావాలి కాబట్టి. ఆ ఎముకను చాలాసార్లు పేషెంట్ పొట్ట చర్మం కిందే భద్రపరుస్తారు. అంటే నువ్వు ఆయన్ని పక్కకి తిప్పేటప్పుడు తలకి ఆ పక్కన ఎముక లేదు, చర్మం కింద మెదడే. ఆ వైపు తలగడ మీద ఆనించకూడదు. అందుకే కట్టు మీద మార్కర్‌తో "నో బోన్" అని రాస్తాం. కేస్ షీట్‌లో "ఎక్" అన్న రెండక్షరాలు చూసుకోకపోతే ఏమవుతుందో ఊహించుకో.

చదవడం ఎలాగన్నావు కదా. ఆ 150 మాటల్ని అక్షరక్రమంలో పెట్టుకుని చదవకు. ముక్కలు విడగొట్టు. మహా అయితే 50, 60 ముక్కలు తేలతాయి. రోజుకి రెండు ముక్కలు చాలు. ఒక పేజీ మధ్యలో ముక్క రాసి, దాని కింద తెలుగు, చుట్టూ ఆ ముక్క ఉన్న మాటలు నాలుగైదు. ప్రతి మాట కింద ముక్కకి ముక్క తెలుగు, ఇంగ్లీషు అర్థం వద్దు. మర్నాడు పొద్దున తెలుగు మాత్రమే చూసి అసలు మాట స్పెల్లింగ్‌తో రాయి. మూడో రోజు, వారం తర్వాత మళ్ళీ అదే చెయ్యి. చూసి చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది, చూడకుండా రాస్తేనే నిలుస్తుంది. పైకి పలుకుతూ రాయి, వార్డులో నువ్వు ఈ మాటలు నోటితో చెప్పాలి, చెవితో వినాలి.

ఇంకో పని కూడా మొదలుపెట్టు, ఇది మీ మేడమ్ చెప్పి ఉండరు. పోస్టింగ్‌కి వెళ్ళినప్పుడు పేషెంట్లు అనే మాటలు వాళ్ళు అన్నట్టే రాసుకుని, పక్కన ఈ మాటలు పెట్టు. "మూతి వంకర పోయింది" ఫేషియల్ పాల్సీ. "ఒక పక్కే తల పగిలిపోతోంది" హెమిక్రేనియా, మైగ్రేన్ అన్న మాట దాన్నుంచి అరిగి వచ్చిందే. మన పార్శ్వపు నొప్పిలో కూడా పక్కే ఉంది. "కళ్ళు తిరుగుతున్నాయి" అంటే మాత్రం వెంటనే వెర్టిగో అని రాసేయకు. గది తిరుగుతోందా, కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయా అడుగు. మొదటిది వెర్టిగో, రెండోది వేరే దారి. ఒకసారి చక్కెర జబ్బున్న ఒకామె "అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుందమ్మా" అంది. పక్కనున్న స్టూడెంట్ "తిమ్మిర్లు" అని రాసుకుంది. నేను ఆపి, ఆమె మాటే రాయమన్నాను. లాటిన్‌లో "ఫార్మికా" అంటే చీమ. ఒంటి మీద చీమలు పాకినట్టుండడానికి వైద్యంలో ఫార్మికేషన్ అనే పేరుంది. మనవాళ్ళు ఎప్పుడూ అనే మాటే, లాటిన్ వేషంలో పుస్తకంలో కూర్చుంది.

ముందు అ, డిస్, హైపర్, హైపో, హెమి, పారా తీసుకో. తర్వాత న్యూర్, ఎన్సెఫల్, మైల్, మయ్, మెనింజ్ (మెదడు పొరలు), క్రేని (పుర్రె). చివర చేరేవాటిలో ఐటిస్, పతి, ఆల్జియా (నొప్పి), ప్లీజియా, పెరీసిస్, ఎస్థీషియా, ఫేజియా, టమీ, ఎక్టమీ. ఈ ఇరవై ఒకటీ పదకొండు రోజుల్లో అయిపోతాయి. అయ్యాక మేడమ్ ఇచ్చిన జాబితా మళ్ళీ తీసి, విడగొట్టగలిగినవాటి పక్కన టిక్కు పెట్టుకుంటూ పో. పార్కిన్‌సన్స్ లాంటి మనుషుల పేర్లు ఎలాగూ విడవు, వాటిని విడిగా రాసుకో. అవి కాక ఇంకా విడనివి ఉంటే, నువ్వు ఎక్కడ విడగొట్టబోయి ఆగిపోయావో గీత పెట్టి నాకు రాయి. కూర్చుని చూద్దాం.